ఎవరి కన్నీళ్లు బొమ్మకెక్కాయి?

యుద్ధాన్ని కళ్లారా చూడనివాడికి దాన్ని బొమ్మ గీసే హక్కు లేదన్న వాదన ఈ వారం మళ్లీ చెవినపడి చికాకు పెట్టింది. ఈ కాలమ్ చదివేవారికి నా పట్టు తెలిసిందే: బొమ్మను బొమ్మలో ఉన్నదాన్ని బట్టే తూచాలి. ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రువానే తీసుకోండి. 1822లో ఒట్టోమన్ సేనలు కియోస్ ద్వీపంలో వేలమంది గ్రీకుల్ని చంపి, వేలమందిని బానిసలుగా అమ్మేశాయి. గ్రీసులో అడుగైనా పెట్టని డెలాక్రువా పారిస్‌లోనే ఉండి, నాలుగు మీటర్లకు పైగా ఎత్తున్న కాన్వాసు మీద ఆ ఘోరాన్ని చిత్రించి 1824 సలోన్ ప్రదర్శనలో పెట్టాడు. అందులో గెలిచిన వీరుడెవరూ కనబడడు. కుడివైపు కింద ప్రాణం పోయిన తల్లి రొమ్ము కోసం తడుముకుంటున్న పసిబిడ్డ, పక్కనే పైకి చూస్తూ కూర్చున్న ముసలమ్మ, వెనక గుర్రానికి కట్టేసిన యువతి, మధ్యలో గాయాలతో కూలబడ్డ మనుషులు. నెపోలియన్ విజయాలను చిత్రించిన గ్రోకు ఇది మింగుడుపడలేదు. చిత్రకళనే ఊచకోత కోశారన్నాడు.

ఇంత బాధను ఇంత అందంగా చూపడం తప్పు కాదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఒంటి మెరుపు, ఆ బట్టల రంగులు బాధితులకు ఒరగబెట్టిందేమీ లేదు. కానీ చూసేవాణ్ని బొమ్మ ముందు నిలబెట్టేది ఆ రంగులే. 1826లో ఒట్టోమన్ పాలన మీద తిరగబడ్డ గ్రీకుల సహాయార్థం పారిస్‌లో పెట్టిన ప్రదర్శనలో డెలాక్రువా గీసిన ‘మిసొలోంగీ శిథిలాల మీద గ్రీసు’ కూడా ఉంది. అందం అక్కడ జనాన్ని కదిలించే పని చేసింది.

జవాబు దొరకని అభ్యంతరం మరొకటి ఉంది. 1821లో ట్రిపోలిట్సా పట్టణం చేజిక్కాక గ్రీకు తిరుగుబాటుదారులు అక్కడి ముస్లింలను, యూదులను వేలల్లో చంపారు. ఆ తల్లుల కోసం డెలాక్రువా కుంచె పట్టలేదు. అతని జాలి నిజమైనదే, అయితే ఒక పక్షానికే పరిమితమైంది. స్పెయిన్ చిత్రకారుడు గోయా చెక్కిన ‘యుద్ధ బీభత్సాలు’ చూడండి. ఫ్రెంచి సైనికుల క్రౌర్యంతో పాటు, నేలన పడున్న మనిషిని హింసిస్తున్న స్పానిష్ గుంపు కూడా అందులో ఉంది. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్నది తన జనమే అయినా గోయా దాచలేదు. ఆ బొమ్మలు ఆయన పోయిన 35 ఏళ్లకు, 1863లో గానీ అచ్చుకాలేదు. పక్షం తేలిపోయిన జాలికి గోడ వెంటనే దొరికింది, తనవాళ్లనూ నిలదీసిన జాలి దశాబ్దాలు వేచి ఉంది. అందుకే నా పాత పట్టును కాస్త సవరించుకుని, బొమ్మలో ఉన్నదాన్ని తూచేటప్పుడు లేనిదాన్నీ తూకంలో వేయాలంటాను. ఆ లెక్కన డెలాక్రువా కంటే గోయాయే గొప్ప.