పక్కింటి రొద

వాన కురుస్తున్నంతసేపూ మా ఇంట్లో నెట్ బాగానే ఉండేది. మర్నాడు పోయేది. 2020 మే 20న ఆంఫన్ తుపాను కలకత్తాలో చెట్లనీ స్తంభాలనీ కేబుళ్లనీ కలిపి రోడ్ల మీద పడేశాక, లేక్ మార్కెట్ దగ్గర మా వీధిలో ఎవరో తెగిన వైర్లను హడావిడిగా అతికించి వెళ్లారు. అప్పటికి అదే మహాభాగ్యం. లాక్‌డౌన్‌లో రాజమండ్రిలోని అమ్మ ముఖం ఆ వైరులోంచే కనిపించేది. ఆ తర్వాత మాత్రం ఏ వానాకాలం వచ్చినా ఇదే తంతు.

చివరికి కేబుల్ పనిలోనే తల నెరిసిన మనిషి ఒకాయన వచ్చాడు. మా పేటలో అందరికీ దాదా, అంటే అన్న. మేడ మీది కనెక్టర్ విప్పి నా అరచేతిలో పెట్టాడు. నడిమి తీగకు చిలుము పట్టింది. చుట్టూ ఉండే అల్యూమినియం అల్లిక తెల్లటి పొడిలా రాలుతోంది. వత్తి నూనె పీల్చినట్టు అల్లిక నీటిని మెల్లగా లోపలికి లాక్కుంటుందట. మర్నాటి రహస్యం అదీ.

ఆయన కొత్త కనెక్టర్ వేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. దీన్ని ఎఫ్ కనెక్టర్ అంటారు. 1950ల్లో అమెరికాలో జెరాల్డ్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసిన ఎరిక్ విన్‌స్టన్ రూపొందించాడు. దీనికి సొంత పిన్ను లేదు, వైరు నడిమి తీగే పిన్ను. అందుకే ఇంత చవక. అందుకే దీని మంచిచెడ్డలు కోసే చేతిలోనే ఉంటాయి. నడిమి తీగ చాలా వైర్లలో రాగి పూత పూసిన ఉక్కు. హెచ్చు పౌనఃపున్యాల సంకేతం నడిచేది ఆ పూతలోనే. బ్లేడు కాస్త లోతుగా దిగితే దారికే గాటు పడుతుంది. ఆయన తొడుగును గుండ్రంగా కోసి, అల్లికను ఒక్కో పోగూ వెనక్కి మడిచాడు. ఒక్క పోగు నడిమి తీగను తాకినా షార్టే. తెల్లటి నురగ పొర కనెక్టర్ లోపలి అంచుతో సమానంగా వచ్చేదాకా వైరును నెట్టి, కంప్రెషన్ టూల్‌తో ఒక్క నొక్కు నొక్కాడు. బిగించే ముందు వైరును కిందికి కాస్త వంపు తిప్పాడు, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోయేలా.

పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఇంట్లోకి వచ్చి, కేబుల్‌ను రెండు దారులుగా చీల్చే స్ప్లిటర్ వెదికాడు. 2012లో డిజిటల్ కేబుల్ ముందుగా తప్పనిసరైన నాలుగు మహానగరాల్లో కలకత్తా ఒకటి. అప్పట్లో మా రెండో టీవీకి సెట్‌టాప్ బాక్సు తీసుకోలేదు. దాని వైరు అలమారా వెనక అలాగే వేలాడుతోంది. ఆయన దాన్ని చూసి అడిగిందొకటే: “మీ మిక్సీ తిరుగుతుంటే కింది వాళ్ల నెట్ పోతుందా?”

టీవీ రోజుల్లో సంకేతం ఒకవైపే వచ్చేది. కనెక్షన్ వదులైతే మన బొమ్మే చెడేది. అదే కేబుల్‌లో వచ్చే నెట్‌కి వెనక్కి వెళ్లే దారి కూడా కావాలి. ఆ దారి 5 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే దిగువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. మిక్సీ మోటారు రవ్వలూ, ట్యూబ్‌లైట్ చోక్ గరగరలూ రేగేది అక్కడే. మూయని వైరు కొస యాంటెన్నాలా వాటిని పట్టుకుంటుంది. పిల్లకాలవలన్నీ ఒకే కాలవలో పడ్డట్టు వీధిలోని ఇళ్ల రొదంతా వెనుదారిలో ఒక్కచోట చేరి అందరి మాటనూ ముంచుతుంది. మూడేళ్లుగా ఆకాశాన్నీ కేబుల్ వాళ్లనూ నిందించిన నేను, నా అలమారా వెనక ఏముందో చూడలేదు. కింది వాళ్లమ్మాయి ఆన్‌లైన్ క్లాసులు మధ్యలో తెగిపోయేవని నాకు తెలుసు. అందులో నా వాటా ఉండొచ్చని తెలియదు.

దాదా ఆ వైరు తీసేసి, స్ప్లిటర్‌లో ఖాళీ అయిన పోర్టుకు 75 ఓమ్‌ల మూత బిగించాడు. చిటికెన వేలి గోరంత మూత.

ఆ సాయంత్రం మా ఆవిడ మిక్సీలో పచ్చడి రుబ్బుతుండగా మెట్లు దిగి వాళ్ల తలుపు తట్టాను.

“నెట్ ఆఛే?” అన్నాను, ఉందా అని.

“ఆఛే, కాకూ,” అంది ఆ అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండానే.