కల్చకీ లోయకు దండం

కల్చకీ లోయా, అర్జెంటీనా వాయవ్యాన ఆండీస్ కొండల మధ్య దాగినదానా! తూర్పు కొండలు నీ వాటా మబ్బును కూడా తామే పిండుకుంటాయి. నీ కఫయాతె ఊళ్ళో ఏడాది పొడుగునా కురిసేది దాదాపు 200 మిల్లీమీటర్లే. అయినా ఆ ఇసుకలో, ఆ గులకరాళ్ళలో ద్రాక్ష కాస్తుంది. పైన కరిగిన మంచు కాలవల వెంట తోటల్లోకి దిగుతుంది. ఆ చల్లని పాయకు దండం.

నీ ఎండకు దండం. కఫయాతె ఉన్నదే సుమారు 1,700 మీటర్ల ఎత్తున. ఇంకా ఎగబాకితే పయోగస్తా దగ్గర 3,111 మీటర్ల మీద ఒక తోట! అక్కడ గాలి పలచన, ఎండ చిక్కన. ఆ కిరణాలకు కాగి మాల్బెక్ ద్రాక్ష తోలు మందం చేసుకుంటుంది. వైనుకు నల్లటి రంగూ వగరూ ఆ తోలు పెట్టిన భిక్షే. పగలు మాగబెడతావు, రాత్రి వణికిస్తావు. పండులో పులుపు పోకుండా ఆ చలే పట్టి ఉంచుతుంది. దయలేనిదానివంటారు నిన్ను. నాకైతే అది పెంపకంలా కనిపిస్తుంది.

మరి తొర్రొంతేస్! స్పెయిన్ వాళ్ళు తెచ్చిన తీగకూ అలెగ్జాండ్రియా మస్కట్‌కూ ఈ దేశంలోనే పుట్టిన బిడ్డ. పందిరి కింద పచ్చగా వేలాడుతుంది. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే గులాబీ, మల్లె, పీచ్ పండు. తేనే అనుకుంటాం. నోట్లో పోసుకుంటే తీపి లేదు, చివర సన్నని చేదు. ఇంత నిజాయితీగా మోసం చేసే ద్రాక్ష నాకు తెలిసి ఇంకొకటి లేదు.

నీ వాలు మీద కిల్మెస్ జనం కట్టుకున్న రాతి ఊరు మొండిగోడలై ఉంది. స్పెయిన్ సేనలను ఏళ్ళ తరబడి నిలవరించినవాళ్ళను 17వ శతాబ్దంలో ఓడించి, వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిపించి, బ్యూనస్ ఎయిర్స్ దాకా తోలారు. ద్రాక్ష తీగ ఈ ఖండానికి వచ్చింది ఆ గెలిచినవాళ్ళ వెంటే. ఈ మాట మింగేసి నిన్ను పొగడలేను.

ఆ గెలుపు భూమితల్లి పచమామను మాత్రం కదల్చలేకపోయింది. ఆగస్టు రాగానే కొండజనం నేలలో గుంట తీస్తారు. ఆ తల్లికి వండిన కూడు పెడతారు, కోకా ఆకులు వేస్తారు, మొక్కజొన్న కల్లూ వైనూ పోస్తారు. ముందు ఆమె తాగాలి. ఆ తరువాతే గ్లాసులు నిండేది, డప్పు మోగేది, ఒకరి పదానికి ఒకరు ఎదురు పదం కట్టేది.