కంపల్లో కాపురమున్న పిట్టకు

లంకమల వెనక పొద్దు కుంగింది. సిద్ధవటం దిక్కున పెన్న ఇసుక మసకబారింది. మేకలు దొడ్లకు మళ్ళాయి. ఇక నీ వేళ, కలివికోడీ!

కలివిపండ్లు కోసుకు తిన్న నోళ్ళే ఆ పొదల నీడన మసిలే నిన్ను కలివికోడి అన్నాయి. జెర్డాన్ అనే దొర డాక్టరు పేరుతో శాస్త్రం నిన్ను 1848లో తన పుస్తకాల్లోకి ఎక్కించుకుంది. నాకు మాత్రం ఊరి పేరే ముద్దు. అందులో నీ ఇల్లుంది.

జానకు కాస్త మించిన ఒళ్ళు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. చీకటినంతా తాగేంత కళ్ళు. రెక్కలున్నా నీకు పరుగే ఇష్టం. చెదలూ చీమలూ నీ విందు.

1900 తర్వాత నువ్వు కనబడలేదు. ఇక లేవనే అనుకున్నారు. 1986 జనవరిలో ఒక రాత్రి, పండితులు వెతికి వేసారిన నిన్ను ఇక్కడి పిట్టలవేటగాడి టార్చిలైటు పట్టి ఇచ్చింది. చిక్కిన ఆ పిట్ట బతకలేదు. ఆ మాట దాచి నిన్ను పొగడడం నాకు చేతకాదు.

నీ గుడ్డు కథ ఇంకా వింత. 1917లో కోలారు దగ్గర ఏరిన ఒకటి ఎక్కడో స్కాట్లాండులో, అబర్డీన్ విశ్వవిద్యాలయం పెట్టెలో పడివుండి, దాదాపు వందేళ్ళకు నీదని తేలింది.

కృష్ణాష్టమినాడు వాకిట్లో బుల్లి పాదాలు మనమే దిద్దుకుంటాం. నీ పాదాల గుర్తుల కోసమైతే పండితులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి వచ్చి వంగి వెతికారు. నాకు తెలిసి ఇంతకన్నా భక్తిగల పని లేదు.

పులికి అడవి కావాలంటే నమ్ముతాం. పిట్టకు కంప కావాలంటే నవ్వుతాం. బీడు అంటాం, బంజరు అంటాం, అంటూనే కొడవలి తీస్తాం. కంప మరీ చిక్కబడితే నీకు పరుగు సాగదు. నరికేస్తే నీడ మిగలదు. పొదకూ పొదకూ నడుమ తెరిపి నేల, అదే నీ వీధి. మేకలు కాస్త మేసినా ఆ వీధికి మేలే. గొడ్డలి వాలితే మాత్రం వీధే ఉండదు.

1988లో ఇక్కడ నీ కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. అంతకన్నా పెద్ద ముచ్చట, నీ కోసం తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది. నీళ్ళకు మొహంవాచిన సీమలో ఒక కాలువ పక్కకు తప్పుకోవడం చిన్న సంగతా! ఏ రాజుకు తప్పుకుంది అలా?

చీకటి పడ్డాక కాసేపే నువ్వు పలుకుతావట, రెండే స్వరాలు, మళ్ళీ మళ్ళీ. నిన్ను చూసిన కళ్ళు కొద్ది. నావి వాటిలో లేవు.

లైటు ఆర్పేశాను. చెప్పులు చేతబట్టుకున్నాను. కలివిపొద అవతల ఎండుటాకు ఒకటి చిటుక్కుమంది.

తొండే కావచ్చు. అయినా కదలను.