కౌజు పిట్టల దాణా: చేప పొడా, చెట్ల మేతా?

నెల్లూరు తీరంలో కౌజు పిట్టలు పెంచేవాళ్లకు దాణాలో మాంసకృత్తుల కోసం రెండు దారులున్నాయి. ఒకటి సముద్రం వైపు నుంచి వచ్చే ఎండుచేపల పొడి. రెండోది చేను వైపు నుంచి వచ్చే సోయా చెక్క, నువ్వుల చెక్క, తవుడు, మునగాకు. మొక్కల మేతే చవక, అదే ఆరోగ్యం అని ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట సగమే నిలుస్తుంది.

ముందు పిట్ట అవసరమేమిటో చూడాలి. 1974లో మన దేశానికి తెచ్చిన ఈ జపాన్ జాతి ఆరేడు వారాలకే గుడ్లకు వస్తుంది. ఆ వేగానికి తగ్గట్టే అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994 ప్రమాణాలు ఎదిగే పిట్టకు 24 శాతం, గుడ్లు పెట్టే పిట్టకు 20 శాతం మాంసకృత్తులు కావాలన్నాయి. గుడ్ల కోళ్ల దాణా పోసి సరిపెడితే పిల్లలు గిడసబారేది ఇందుకే.

చేప పొడిలో లైసిన్, మెథియోనిన్ రెండూ దండిగా ఉంటాయి. మొక్కల్లో దొరకని బి12 విటమిన్ కూడా ఉంటుంది. దాని బలహీనతంతా నాణ్యతలోనే. ఇసుక మీద ఎండబెట్టిన చేపల పొడిని గుప్పెడు తీసుకుని గ్లాసు నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే, అడుగున ఇసుక పేరుకుంటుంది. ఉప్పు ఎక్కువైతే పిట్టలు నీళ్లు తెగ తాగుతాయి, రెట్ట పలచనవుతుంది, కింద పరిచిన పొట్టు తడిసిపోతుంది. మోతాదు మించితే గుడ్డుకు నీచువాసన పడుతుంది.

మొక్కల మేతలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. సోయాలో లైసిన్ బాగుంది, మెథియోనిన్ తక్కువ. నువ్వుల చెక్కలో సరిగ్గా తలకిందులు. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. తవుడులోని భాస్వరంలో చాలా భాగం పిట్టకు అరగని రూపంలో ఉంటుంది. మునగాకు ఎండు పొడిలో నాలుగో వంతు దాకా మాంసకృత్తులున్నా పీచు కూడా ఉంది. అది పచ్చసొనకు రంగు తెస్తుంది గానీ సోయాకు బదులు కాలేదు. మునగాకు పోపు లాంటిది, అన్నం కాదు.

ప్రమాదంలోనూ ఇవి చేపకు తీసిపోవు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ల చావుకు కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్క. ఆ బూజు విషమైన అఫ్లటాక్సిన్ సంగతి లోకానికి తెలిసింది ఆ చావులతోనే. ఈశాన్య రుతుపవనాల వానలో తడిసే నెల్లూరు గోదాములకు ఆ ముప్పు దూరంలో లేదు.

కాబట్టి మొదటి మూడు వారాలు సోయాతో పాటు ఉప్పు, ఇసుక లేని చేప పొడి కొంత వాడటం మేలు. ఆ తర్వాత మెథియోనిన్, ఖనిజ లవణాలు, విటమిన్లు కలిపిన మొక్కల దాణా చాలు. చేప పొడి నాసిరకమైతే మొదటి నుంచీ ఈ రెండో దారే నయం. ఏది కొన్నా పరీక్ష చేయించి కొనండి. ముక్కిన వాసన వచ్చే చెక్కను మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.