కంకి తుంచితేనే కనకాంబరం

పూలబజారులో మల్లెల గంప ఎక్కడుందో ముక్కే చెబుతుంది. కనకాంబరాల గంపకు ఆ సదుపాయం లేదు. ఎంత దగ్గరగా మొహం పెట్టినా వాసన రాదు. అయినా తూకం దగ్గరికి వచ్చేసరికి చాలా రోజుల్లో దాని ధరే ఎక్కువ. శ్రావణ శుక్రవారాల్లో, పెళ్ళి ముహూర్తాల్లో అయితే ధర అడిగి ఊరుకోవాల్సిందే. కొనేవాళ్ళు గొణుక్కుంటారు గానీ, ఒక్క పువ్వు తీసి అరచేతిలో పెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది. చేతిలో ఉన్నట్టే తెలియదు. కిలో తూగాలంటే వేల పూలు కావాలి. ఆ వేలల్లో ప్రతి ఒక్కటీ ఒక మనిషి వేళ్ళ మధ్య నుంచి రావాల్సిందే. కనకాంబరం ఖరీదులో చాలావరకు ఆ వేళ్ళ కూలే.

ఈ మొక్క మనదే. దక్షిణ భారతం, శ్రీలంక దాని పుట్టిల్లు. అడ్డసరం, నేలవేము, డిసెంబరాలు, పిల్లలు నీళ్ళలో వేసి పేల్చే చిటపటకాయల మొక్క, అన్నీ దాని బంధువర్గమే. ఐరోపావాళ్ళు దీన్ని కిటికీ పక్కన పెట్టుకునే కుండీమొక్కగా చేసుకున్నారు. అక్కడ పూలు మొక్కమీదే వాడి రాలిపోతాయి. మనకేమో మొక్కమీద పువ్వు మిగిలిపోతే మనసొప్పదు. అనంతపురం, చిత్తూరు వైపు రైతులు ఎకరాల్లో వేస్తారు. మిగతా చోట్ల పెరట్లో బావి పక్కనో, తులసికోట వెనకో నాలుగు మొక్కలు ఉంటే ఆ ఇంట్లో ఆడపిల్లల జడలకు లోటుండదు.

కంకిని ఒకసారి దగ్గరగా చూడండి. కొమ్మ మీద నుంచి పొడుగాటి కాడ లేచి, దాని చివర ఆకుపచ్చని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నాలుగు పలకలుగా ఉంటాయి. ఒక్కో పొర చాటున ఒక్కో మొగ్గ. అడుగు వరస ముందు విచ్చుకుంటుంది, తర్వాత దానిపై వరస. అలా కింద నుంచి పైకి పూసుకుంటూ పోయి, కంకి మొత్తం అయిపోవడానికి పదిహేను నుంచి పాతిక రోజులు పడుతుంది. పువ్వు నిండుగా విచ్చడానికి రెండు రోజులు కావాలి కాబట్టి కోత రోజు విడిచి రోజు. ఇంట్లో రెండు మొక్కలున్నవాళ్ళకైనా, రెండెకరాలున్న రైతుకైనా లెక్క ఇదే. ఒక కోత తప్పితే ఆ పూలు వాడి రాలిపోతాయి.

కోయడానికి పొద్దున్నే వెళ్ళాలి, కానీ మంచు తడి ఆరాక. తడి పువ్వు గంపలో పడితే పక్కదానికి అంటుకుని నల్లబడుతుంది. మందారాన్ని తుంచినట్టు దీన్ని తుంచకూడదు. రేకులు ముట్టుకోకుండా, కింద సన్నటి గొట్టం ఉంటుందే, దాని మొదలు పట్టుకుని మెల్లగా లాగితే తొడిమలోంచి జారి వచ్చేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు చూపు పక్కకు తిప్పి కబుర్లు చెప్పుకుంటూనే కోస్తారు.

ఇక అసలు కిటుకు పువ్వు కోయడంలో లేదు, కంకి తుంచడంలో ఉంది. పూలన్నీ అయిపోయిన కంకి పచ్చగానే ఉంటుంది, అందుకే ఎవరికీ దాన్ని తీసేయాలని తోచదు. అలా వదిలేస్తే నాటురకం మొక్క కాయలు ముదరబెట్టే పనిలో పడుతుంది, పూత వెనకబడుతుంది. కంకి పని అయిపోగానే కాడతో సహా, కింద ఆకులున్న కణుపు వరకు తుంచేస్తే ఆ కణుపులోంచి పక్కచివుళ్ళు వస్తాయి, వాటి చివర మళ్ళీ కంకులు. మొక్క గుబురుగా తయారయ్యేది ఇలాగే. పూత తగ్గిందనగానే ఎరువుల దుకాణానికి పరిగెత్తేవాళ్ళు ముందు తమ మొక్కమీద పని అయిపోయిన కంకులు ఎన్నున్నాయో చూసుకుంటే మంచిది. నా లెక్కలో కనకాంబరానికి వేసే సగం ఎరువు ఈ తుంచుడు బద్ధకానికి కట్టే జరిమానా.

నేల గురించి పెద్ద పట్టింపు లేదు, నీళ్ళు నిలవకుంటే చాలు. మాగిన పశువుల ఎరువు దండిగా కలిపిన ఎర్రనేల, గరపనేల దానికి ఇష్టం. పొలంలో వరుసల మధ్య రెండడుగుల ఎడం ఇచ్చి బోదెల పక్కన నాటుతారు. రెండు మూడు నెలల్లో కంకులు మొదలవుతాయి. కుండీలో అయితే అడుగు లోతు సరిపోతుంది. పొద్దుటి ఎండ నిండుగా తగిలి, ఎండాకాలం మధ్యాహ్నం కాస్త నీడ దొరికే చోటు చూసుకోవాలి. పూర్తిగా నీడలో పెడితే బతుకుతుంది, బారుగా సాగుతుంది, పూయదు. చలి పెరిగితే మందగిస్తుంది. అమెరికాలో మంచు కురిసే ఊళ్ళలో పెంచుకునే మనవాళ్ళు చలికాలం రాగానే కుండీని ఇంట్లోకి తెచ్చుకోక తప్పదు.

లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, బోరునీళ్ళు పోసే మేడమీది కుండీల్లో ఇది మామూలే. నేలలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేని పరిస్థితి అది. అలాంటప్పుడు యూరియా గుప్పిళ్ళు పోసి లాభం లేదు. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లపూట ఆకుల మీద చల్లాలి. వారం పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చల్లితే కొత్త చివుళ్ళు పచ్చగా వస్తాయి.

కనకాంబరాన్ని నిజంగా చంపేది మాత్రం కంటికి కనిపించదు. నిన్నటిదాకా పూసిన మొక్క ఉన్నట్టుండి తలవాలుస్తుంది. ఆకుల అంచులు ఎర్రగా కమిలినట్టు మారుతాయి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకో చెంబు పోస్తారు. దాంతో పని ఇంకా తొందరగా ముగుస్తుంది. పీకి చూస్తే పీచువేళ్ళు ఉండవు, మిగిలినవి నల్లగా ఉంటాయి. నులిపురుగులు వేళ్ళకు గాయం చేస్తాయి, ఆ గాయంలోంచి ఎండుతెగులు శిలీంధ్రం లోపలికి పోతుంది. రెండూ చేతులు కలిపాక మందుతో మొక్కను తిప్పుకురావడం దాదాపు అసాధ్యం. కాబట్టి జాగ్రత్తంతా ముందే పడాలి. నాటేటప్పుడు గోతిలో వేపపిండి వెయ్యాలి. కలుపు తీసేటప్పుడు మొక్క మొదలు దగ్గర గడ్డపార, తొలిక లోతుగా దించకూడదు, ఆ గాయాలూ తెగులుకు దారే. చచ్చిన మొక్క ఉన్న కుండీలో ఆ మట్టితోనే ఇంకోటి పెట్టకూడదు. పొలమైతే రెండు మూడేళ్ళు పూలు కోసుకున్నాక ఆ మడిలో బంతి వేసి, కనకాంబరాన్ని వేరే మడికి మార్చాలి. బంతివేళ్ళ దగ్గర నులిపురుగు తగ్గుతుందన్నది శాస్త్రవేత్తలు నిర్ధారించిన మాట. పూలు కోసే రైతుకు బంతి కూడా డబ్బే కాబట్టి, ఇంత సులువైన మందు ఇంకోటి లేదు.

రకాల్లో నాటుది నారింజ రంగు, గింజతో వస్తుంది. పసుపు, ఎరుపు పూసేవీ ఉన్నాయి. బజారును ఏలుతున్నది మాత్రం ఢిల్లీ కనకాంబరం. రేకు పెద్దది, రంగు ముదురు, కంకికి పూలూ ఎక్కువ. దీని కణాల్లో క్రోమోజోముల కట్టలు మూడున్నాయి, అందుకే గింజ కట్టదు. కొమ్మలు నాటుకోవాల్సిందే. బెంగళూరు దగ్గర హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక, అర్క శ్రీయ, అర్క శ్రావ్య, అర్క చెన్న అనే రకాలు ఇచ్చింది. పెరటికి నా ఓటు నాటుదానికే. పువ్వు చిన్నదైనా ప్రతి వానకాలం తనంతట తానే నాలుగు పిల్లల్ని పెడుతుంది. అమ్మకానికైతే ఢిల్లీ.

కొమ్మ నాటడానికి వానకాలమే అదను. పువ్వు లేని, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను జానెడు కంటే కాస్త తక్కువగా కోసి, అడుగు ఆకులు గిల్లేసి, ఇసుకపాలు ఎక్కువున్న మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చాలి. నీడపట్టున, తడి ఆరకుండా ఉంచితే మూడు నాలుగు వారాల్లో వేళ్ళు పడతాయి. తెగులున్న మొక్క నుంచి మాత్రం కొమ్మ తీయకండి, తల్లి రోగం పిల్లకు వస్తుంది.

కోసిన పువ్వు మాల కావడం ఇంకో విద్య. కనకాంబరం రేకులు గుండ్రంగా చుట్టూ ఉండవు, అయిదూ ఒకే పక్కకు విసనకర్రలా తెరుచుకుంటాయి. మాల కట్టేవాళ్ళు ఈ ఒంటిపక్క అందాన్నే వాడుకుంటారు. రెండు పూలు ఇటు తల, రెండు అటు తల పెట్టి, గొట్టాలు మధ్యలో కలిసేలా పట్టుకుని, తడిపిన అరటినారను ఒక చుట్టు చుట్టి, వేలిమీద ఉచ్చు వేసి లాగుతారు. ఆ లాగడంలోనే అనుభవమంతా. బిగిస్తే గొట్టం తెగి, సాయంత్రానికి జడలో ఒట్టి నార మిగులుతుంది. వదులైతే పూలు జారిపోతాయి. విసనకర్ర వైపు బయటికి తిరిగి, ఒక జత అంచు పక్క జత అంచు మీదికి ఎక్కితే మాల నిండుగా, వెనక నార కనబడకుండా వస్తుంది. నైలాన్ దారంతో కడితే గొట్టాలు చప్పున తెగుతాయి. అరటినార తడిని కొంచెం పట్టి ఉంచుతుంది కూడా.

ఇక మూర దగ్గర బేరం ఎప్పుడూ ఉండేదే. "నీ మోచెయ్యి మరీ పొట్టిదమ్మా" అంటుంది కొనే ఆవిడ. "అయితే నీ చేత్తోనే కొలుచుకో తల్లీ, ధర కూడా అలాగే ఇయ్యి" అంటుంది అమ్మే ఆవిడ. నేను ఎప్పుడూ అమ్మే ఆవిడ పక్షమే. నాలుగు నాలుగు పూలు చొప్పున మూర నిండాలంటే ఎన్ని ఉచ్చులు వెయ్యాలో కట్టి చూసినవాళ్ళు గీచి గీచి బేరమాడరు.

వాసన సంగతికొస్తే, అది పొరుగుపూల దగ్గర అప్పు. కదంబంలో మరువం, మల్లె, దవనం పక్కన కనకాంబరం రంగు ఇస్తుంది, వాసన అవి ఇస్తాయి. పెళ్ళికూతురి పూలజడలో మల్లెమొగ్గల తెలుపు మధ్య ఆ నారింజ వరస లేకపోతే జడ బోసిగా ఉంటుంది. పైగా తలనొప్పి మనుషులకు ఇది వరం. మల్లెలు పెట్టుకుంటే తల పట్టేస్తుందనేవాళ్ళు రోజంతా కనకాంబరాలు పెట్టుకుని తిరగగలరు. వాసన లేని పువ్వు దేవుడికెందుకని పక్కన పెట్టే ఇళ్ళున్నాయి. అమ్మవారి పటానికి వేసే ఇళ్ళూ అన్నే ఉన్నాయి.

నాటురకం పెట్టుకున్నవాళ్ళు ఏడాదికోసారి అన్ని కంకులూ తుంచకుండా, బలమైన మొక్కమీద నాలుగైదు కాయలకు వదలాలి. ఒక్కో కాయలో నాలుగు గింజలు. కాయ ఎండి గోధుమరంగుకు తిరిగినా దానంతట అది విచ్చదు, తడి తగలాలి. చినుకు పడి అతుకు మెత్తబడగానే లోపల బిగిసి ఉన్న గోడలు విడిపోయి, గింజల కింది చిన్న కొక్కేలు వాటిని దూరంగా విసిరేస్తాయి. గింజమీది పొలుసులు తడికి జిగురుగా మారి మట్టికి అతుక్కుంటాయి. ఎండలో పేలితే గింజ మాడిపోయేది. వానలో పేలుతుంది కాబట్టి పడ్డచోటే మొలకకు తడి దొరుకుతుంది. దాచుకోవాలంటే వాన రాకముందే కంకులు కోసి, పలచటి గుడ్డ కట్టిన గిన్నెలో పెట్టి, పైనుంచి నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తే చాలు, లోపల టపటపమంటాయి. గుడ్డ మరిచిపోతే గింజలు వంటింటి మూలమూలలా ఏరుకోవాలి. తర్వాత నీడలో ఆరబెట్టి, జూన్, జులైల్లో నారుమడిలో చల్లి పైన పలచగా ఇసుక కప్పాలి. ఏడాది దాటిన గింజను నమ్ముకోవద్దు. అయిదారు ఆకులు వచ్చాక, మబ్బు పట్టిన సాయంత్రం చూసి నారు తీసి నాటుకోవాలి.