ఆలోచించుకోడానికి ఒక గంట

"బాగా ఆలోచించుకున్నావా?" ఉద్యోగం మారాలనుకుంటున్నానని చెప్పిన ప్రతిచోటా ఈ ప్రశ్నే ఎదురవుతోంది. తెలుగులో పిహెచ్.డి. చేసి, ఆరేళ్ళుగా ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన పాఠం చెప్తున్నాను. అది మానేసి డిఎస్సీ రాసి బడిలో టీచరుగా చేరాలని నా కోరిక. 2025లో 16,347 పోస్టులకు మెగా డిఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు నింపి కూడా పంపలేకపోయాను. ఆలోచన తెగలేదు మరి. పూతలపట్టు నుంచి తిరుపతికి బస్సులో కూర్చున్న సమయమే నాది. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి ఆ ఆలోచన ఉచితం కూడా.

ఈ మధ్య ఆ బస్సులోనే అబ్బూరి ఛాయాదేవి కథల్ని మళ్ళీ చదివాను. ఢిల్లీలో జె.ఎన్.యు. గ్రంథాలయంలో పనిచేస్తూ 1982లో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసిన రచయిత్రి ఆమె. జిడ్డు కృష్ణమూర్తిని తెలుగులోకి అనువదించారు కూడా. ఆత్మపరిశీలన అనగానే మనకి గుర్తొచ్చేది ఆయనే కదా!

మా పక్కనున్న మదనపల్లెలో 1895లో పుట్టిన కృష్ణమూర్తి జీవితంలోనూ పని మారడం ఒకటుంది. జగద్గురువుగా ప్రకటించడానికి దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆయన్ని చిన్ననాటి నుంచీ తయారుచేశారు. 1925లో తమ్ముడు నిత్యానంద చనిపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్ళకి, 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో వేలమంది అనుయాయుల ముందు తన పేర నడుస్తున్న సంఘాన్ని తనే రద్దు చేశాడు. వచ్చిన ఆస్తుల్ని తిప్పి ఇచ్చేశాడు. గొప్ప నిర్ణయమే. కానీ ఆ నాలుగేళ్ళూ ఆయన అన్నం ఎవరు వండారన్న ప్రశ్న నన్ను వదల్లేదు. వదులుకోడానికైనా ముందు ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

ఛాయాదేవి కథల్లో ఆలోచన అలా ఏకాంతంలో పుట్టదు. 'సుఖాంతం' కథలో స్త్రీకి బతుకంతా కంటినిండా నిద్రే దొరకదు, ఇక తనతో తాను కూర్చునే తీరిక ఎక్కడిది? 'బోన్సాయ్ బ్రతుకు'లో అయితే చదువు ఆగిపోయిన అక్క, ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. చెల్లెలు మురిపెంగా చూపించే కుండీలోని బోన్సాయ్ మొక్కల్లో అక్కకి ఆడవాళ్ళ బతుకు కనిపిస్తుంది. ఈ కథని స్త్రీల అణచివేతకు ప్రతీకగా చదివి, పాఠం చెప్పి ముగించడం మాకు అలవాటు. నేనూ తరగతిలో అలాగే చెప్పాను. ఇప్పుడు చూస్తే మొక్క కన్నా దాన్ని చూసిన కళ్ళు ముఖ్యమనిపిస్తోంది. రోజూ ఆ కుండీల పక్కనే తిరిగే చదువుకున్న చెల్లెలికి తట్టనిది, బయటినుంచి వచ్చిన అక్కకి తట్టింది. కృష్ణమూర్తిని అంత ఇష్టంగా అనువదించిన ఛాయాదేవి ఇక్కడ ఆయనతో విభేదించారనే నా అభిప్రాయం. తనని తాను చూసుకోడానికి ఇంకొక ఆడమనిషి చూపు కావాల్సి వచ్చింది.

ఛాయాదేవితో నాకో పేచీ కూడా ఉంది. ఆమె కథల్లో డబ్బు గురించిన భయం తక్కువ. ఉద్యోగం వదిలితే ఏ నెల బియ్యం ఎలా అన్న లెక్క ఆ మధ్యతరగతి ఇళ్ళల్లోకి పెద్దగా రాదు. నా ఆలోచనలో సగం ఆ లెక్కే. దాన్ని ఆత్మపరిశీలన కాదనడానికి ఎవరికీ హక్కు లేదనుకుంటాను.

మిగతా సగం మా అక్క. మామిడి తోటల్లో అమ్మ కూలి ఇద్దరి చదువుకీ చాలక, పదో తరగతితో అక్క ఆగిపోయింది. నా డాక్టరేట్ పట్టాని ఫ్రేము కట్టించి గోడకి కొట్టింది తనే. పిల్లలకి చదువు చెప్పడం నాకిష్టం. కాలేజీలో ఉండడమంటే, నిజం చెప్పాలంటే, ఆ ఫ్రేముకి బాకీ తీర్చడం. ఈ మాట నాకు నేను చెప్పుకోడానికి ఏడాది పట్టింది.

పోయిన ఆదివారం అక్కకి 'బోన్సాయ్ బ్రతుకు' చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తా వినింది. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు.

"అవున్ పాపా, ఆ చెల్లెలికి ఉజ్జోగం వొద్దనిపించుంటే వాళ్ళక్కకి ఎట్ల చెప్పుంటాది?" అనింది.

నేను పుస్తకం మూసి, పీట లాక్కుని తన పక్కన కూర్చున్నాను.