ఓదార్పు వాక్యం: కీర్తన నుంచి వాగ్దాన కార్డు దాకా

ఇంతకు ముందు పాఠాల్లో శతకాన్నీ, సంకీర్తననూ చదివారు. భక్తి సాహిత్యంలోనే విమర్శకులు అంతగా పట్టించుకోని ఒక రూపాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. పొద్దున లేవగానే ఒక బైబిలు వాక్యం చదువుకొని, దాని ధైర్యంతో ఆ రోజు పనిలోకి దిగడం తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మామూలు అలవాటు. ఆ వాక్యం గోడ క్యాలెండరు మీద ఉంటుంది, ఆటో వెనక అద్దం మీద ఉంటుంది, ఇప్పుడైతే తెల్లవారకముందే ఫోనులోకి వచ్చేస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక్కొక్కరూ తీసుకునే వాగ్దాన కార్డు మీదా అదే ఉంటుంది. మన నవలల్లో చాలావాటికి లేనంతమంది పాఠకులు ఈ ఒక్క వాక్యపు రచనలకు ఉన్నారు. అయినా వీటిని రచనలుగా చూసి, బాగోగులు తూచిన విమర్శ తక్కువ.

విశ్వాసి అయిన విద్యార్థికి ఈ పని అపచారంగా, కాని విద్యార్థికి అనవసరంగా తోచవచ్చు. నమ్మాలా వద్దా అన్నది విమర్శ తేల్చే విషయం కాదు. ఎలా చదవాలన్నది మాత్రం విమర్శ పనే. కష్టంలో ఉన్న మనిషికి ఒక వాక్యం నిజంగా బలమిస్తోందా, లేక తాత్కాలికంగా మాయ చేస్తోందా అన్న తేడా చదివే తీరులోనే బయటపడుతుంది. నిజామాబాదు జిల్లాలోని రెండు చోట్లను, డిచ్‌పల్లినీ బోధన్‌నూ, దృష్టిలో పెట్టుకొని ఆ తేడాను చూద్దాం.

మొర, మలుపు

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. అందరికీ తెలిసినవి స్తుతి కీర్తనలే అయినా, సంఖ్యలో పెద్ద వర్గం మొరలది. కీర్తనలను రూపాన్ని బట్టి వర్గీకరించిన జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862–1932) వ్యక్తిగత విలాపం ఈ గ్రంథానికి వెన్నెముక వంటిదని భావించాడు. 13వ కీర్తనను ఉదాహరణగా తీసుకోండి. అందులో ఉన్నవి ఆరు వచనాలే. మొదటి రెండింటిలో భక్తుడు దేవుణ్ని ఎంతకాలమని నాలుగుసార్లు నిలదీస్తాడు. మరచిపోయావా, ముఖం తిప్పుకున్నావా అని అడుగుతాడు. తరువాతి రెండింటిలో వేడుకుంటాడు. చివరి రెండింటిలో ఉన్నట్టుండి నమ్మకం, పాట.

ఈ మలుపు ఎందుకు వచ్చింది? నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగింది? కీర్తన చెప్పదు. దేవాలయంలో యాజకుడు ఆ ఘడియలో ఒక అభయవాక్యం పలికి ఉంటాడని, అది రాతలోకి ఎక్కలేదని యోయాకిమ్ బెగ్రిక్ అనే మరో జర్మన్ పండితుడు 1934లో ప్రతిపాదించాడు. అందరూ ఒప్పుకోకపోయినా, ఈ ప్రతిపాదన మనకు ఒక ముఖ్యమైన సంగతి చూపిస్తుంది. మూల రచనలో ఓదార్పు వాక్యమే లేదు. దానికి ముందున్న ఏడుపు ఉంది, తరువాత వచ్చిన ధైర్యం ఉంది. మన వాగ్దాన కార్డు దీన్ని తలకిందులు చేసింది. అక్కడ వాక్యం ఒక్కటే మిగిలింది, ముందూ వెనకా పోయాయి.

దేవుణ్ని నిలదీయడం మనకు కొత్త కాదు. భద్రాచలంలో గుడి కట్టించి గోలకొండ చెరసాల పాలైన కంచెర్ల గోపన్న రాముణ్ని ఎలా కడిగేశాడో మీరు చదివారు. చేయించిన నగలన్నీ ఎవరికెవరికో, ఎంతెంతయిందో లెక్క చెప్పి మరీ అడుగుతాడు. ఆలంకారికంగా దాన్ని నిందాస్తుతి అంటాం కాని, కొన్ని చోట్ల స్తుతి పేరుకు మాత్రమే ఉంటుంది. రామదాసు కీర్తన తెలిసిన తెలుగు పాఠకుడికి 13వ కీర్తనలోని గొంతు పరాయిది కాదు. తెలుగు క్రైస్తవ సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు మిషనరీల ప్రభావం అన్న మాట ఒక్కటే పట్టుకొని వేలాడేవారు ఈ పోలికను మరచిపోతున్నారు.

మలుపు లేని కీర్తన కూడా ఉంది. 88వ కీర్తన 18 వచనాల పాటు మొరపెట్టి, చీకటిలోనే ఆగిపోతుంది. స్నేహితులు దూరమయ్యారని, వారికి తాను అసహ్యుడనయ్యానని, బయటికి రాలేని చోట మూసివేయబడ్డానని భక్తుడు అంటాడు. ఓదార్పు అన్నది ఒక్క ముక్క లేదు. అయినా ఈ గ్రంథాన్ని కూర్చినవారు దాన్ని తీసివేయలేదు. దీన్ని కుష్ఠు రోగి మొరగా చదివిన వ్యాఖ్యాతలున్నారు. ఆ మాట పట్టుకొని డిచ్‌పల్లికి వద్దాం.

డిచ్‌పల్లిలో చదివితే

స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ వెస్లియన్ మిషన్ తరఫున 1907లో ఇండియాకు వచ్చారు. నిజామాబాదులో మొదలైన వారి కుష్ఠు వైద్యం 1915లో డిచ్‌పల్లికి మారి పెద్ద ఆసుపత్రి అయింది. స్థలం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. చాల్‌మూగ్రా నూనె తప్ప చెప్పుకోదగ్గ మందు లేని రోజులవి. ఆ నూనె ఇంజెక్షన్లు బాధాకరం, నెలల తరబడి ఓపిక పట్టాలి. ఇసబెల్ 1932లో చనిపోయేనాటికి కూడా డాప్సోన్ రాలేదు. పలు మందులు కలిపి ఇచ్చే నేటి చికిత్స 1980ల్లో గాని అమలుకు రాలేదు. అంటే డిచ్‌పల్లికి చేరిన రోగికి ఎదురుచూపు సంవత్సరాల లెక్క. ఊరు వెళ్లగొట్టింది, ఇల్లు తలుపు వేసింది. ఎంతకాలం అన్న ప్రశ్న అక్కడ కవిత్వం కాదు.

అటువంటి మనిషికి బైబిలు ఒక్క గొంతుతో మాట్లాడదు. లేవీయకాండము 13వ అధ్యాయం కుష్ఠు సోకినవాణ్ని పాళెం వెలుపల ఉంచమంటుంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు అటువంటివాణ్ని చేయి చాపి ముట్టుకుంటాడు. మొదటిది ఊరు చేసిన పనికి ముద్ర వేసినట్టుంటుంది, రెండోది దాన్ని చెరిపివేస్తుంది. ఇక్కడ భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. హీబ్రూలో ఉన్న మాట అనేక చర్మ వ్యాధులకూ, బట్టల మీద, గోడల మీద పట్టే మచ్చలకూ వాడేది. 1873లో హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవి వల్ల వచ్చే రోగమే అది అనడానికి లేదు. తెలుగు అనువాదం ‘కుష్ఠు’ అని ఒక్క రోగానికి ముడివేసింది. బలమిచ్చే గ్రంథం నుంచే గాయపరిచే మాటా రావచ్చు. అనువాదకుల ఉద్దేశం ఏమైనా, మాట పడేది వినేవాడి మీద.

అందుకే డిచ్‌పల్లి వంటి చోట 88వ కీర్తనకు ప్రత్యేకమైన విలువ ఉందని నేను అనుకుంటాను. నువ్వు త్వరలో బాగుపడతావన్న వాక్యం ఆరు నెలల తరువాత అబద్ధమైపోతుంది. నీ స్థితిలో ఉన్నవాడు నీకంటే ముందే ఇలా మొరపెట్టాడు, ఆ మొరను పవిత్ర గ్రంథంలో దాచారు అన్న సంగతి అబద్ధం కాదు. ఒంటరితనంలో ఉన్నవాడికి మొదట కావలసింది తోడు. జవాబు తరువాత సంగతి.

పాటగా మారినప్పుడు

సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడింది. కాని పుస్తకం ఉండడం వేరు, చదవగలగడం వేరు. మెదక్, నిజామాబాదు ప్రాంతాల్లో వెస్లియన్ సంఘాల్లో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. వారికి బడి చాలా ఆలస్యంగా అందింది. రోజూ బలమిచ్చే మాట వారికి చెవి ద్వారా, పాటగా చేరింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట పైన రాగం, తాళం కనిపిస్తాయి. పల్లవి, అనుపల్లవి, చరణం అన్న కట్టుబాటు మన సంకీర్తనదే. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఆ కట్టుబాటులో వందకు మించి పాటలు రాశాడు.

రూపం మారితే అర్థమూ జరుగుతుంది. 13వ కీర్తనలో మలుపు ఒక్కసారే వస్తుంది, మళ్లీ వెనక్కి చూడదు. తెలుగు కీర్తనలో పల్లవి ప్రతి చరణం తరువాతా తిరిగి వస్తుంది. పల్లవి మొర అయితే, ఏ చరణంలో ధైర్యం చెప్పుకున్నా పాట మళ్లీ మొర దగ్గరికే చేరుతుంది. పల్లవి స్తోత్రమైతే, చరణంలో చెప్పుకున్న దుఃఖాన్ని అది ప్రతిసారీ కప్పేస్తుంది. నాకు మొదటి రకం పాటలే నిజాయితీగా తోస్తాయి. దుఃఖం ఒక్క మలుపుతో పోయేది కాదని వాటి కట్టుబాటే చెబుతుంది. ఈమధ్య వచ్చే పాటల్లో రెండో రకమే ఎక్కువ.

మీరు చేయదగిన పని: మీకు తెలిసిన క్రైస్తవ కీర్తన ఒకటి, రామదాసు కీర్తన ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. రెండింటి పల్లవుల్లోనూ మాట్లాడుతున్నది ఫిర్యాదా, పొగడ్తా? చరణాలు పల్లవిని బలపరుస్తున్నాయా, ఎదిరిస్తున్నాయా? పది వాక్యాల్లో రాయండి.

వాగ్దానం అనే మాట

కార్డు విషయం ఇంకా మిగిలింది. దానికి బోధన్ వెళ్లాలి.

మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగింది, 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరకు దాదాపు ఏడాది పంట. నరికాక ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరకపోతే తీపి తగ్గుతుంది. కాబట్టి దగ్గరలో ఫ్యాక్టరీ ఉందన్న భరోసా లేనిదే రైతు చెరకు నాటడు. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. అదే నెల చివరి రాత్రి చర్చిల్లో ఎప్పటిలాగే వాగ్దాన కార్డులు.

ఆ కార్డుల్లో బాగా పేరున్న వాక్యాల్లో ఒకటి యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుని ఉద్దేశాలు హాని కోసం కాక మేలు కోసమని, ముందు కాలం గురించి నిరీక్షణ ఇస్తాడని దాని భావం. తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది. ఇంట్లో ‘ఇస్త’ అనే మనిషికి ‘ఇచ్చెదను’ అన్న క్రియలోనే ఒక గాంభీర్యం వినిపిస్తుంది. జీతం ఆగిన ఇంట్లో ఆ కార్డును చదివితే ఎలా అర్థమవుతుంది? ఫ్యాక్టరీ తెరుస్తారు, ఈ ఏడే తెరుస్తారు అని. కార్డు ఇచ్చినవారు ఆ మాట అనలేదు, నిజమే. ఒక్క వచనాన్ని కత్తిరించి చేతిలో పెడితే వేరే అర్థానికి దారి ఎక్కడుంది?

ఆ వచనం ఒక ఉత్తరంలోది. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా పోయినవారికి యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరం అది. పై వచనంలోనే గడువు ఉంది: డెబ్బై సంవత్సరాలు. ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి రావడాన్ని చూడబోరు. దాని ముందరి అధ్యాయంలో హనన్యా అనే మరో ప్రవక్త వస్తాడు. రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని ప్రకటించి, యిర్మీయా మెడ మీది కొయ్య కాడిని విరిచేస్తాడు. జనానికి నచ్చే వాగ్దానం అతనిది. గ్రంథం అతణ్ని అబద్ధ ప్రవక్త అంటుంది. ఇప్పుడు తమాషా చూడండి. యిర్మీయా ఉత్తరంలోని వాక్యాన్ని గడువు నుంచి విడదీసి కార్డు మీద అచ్చు వేస్తే, చదివేవాడి చెవిలో అది హనన్యా మాటగా పలుకుతుంది.

తెలుగులో ‘వాగ్దానం’ అన్న మాటకు ఇంకో వాడుక కూడా ఉంది, ఎన్నికల వాగ్దానం. బోధన్ ఫ్యాక్టరీని తెరిపిస్తామన్న మాట ఎన్నికల వేదికల మీద వినిపిస్తూనే వచ్చింది. రెండు వాగ్దానాలూ ఒకే గోడ మీద పక్కపక్కన వేలాడే ఊళ్లో, ఆ మాటను జాగ్రత్తగా చదవడం పండితుల సరదా కాదు.

ఇక్కడ మీకొక అభ్యంతరం రావచ్చు. డెబ్బై ఏళ్లు ఓర్చుకోమనే ఉత్తరం జనాన్ని నోరు మూసుకొమ్మనడం కాదా? మతం మత్తుమందు అని మార్క్స్ అన్నాడు కదా? అన్నాడు. 1844లో వచ్చిన ఆ వ్యాసంలో, అదే చోట, మతం అణగారిన జీవి నిట్టూర్పు అన్న భావం కూడా ఉంది. ఆ ముక్క వదిలేసి మత్తుమందునే పట్టుకొచ్చారు. వాక్యాన్ని కత్తిరించే అలవాటు ఒక్క చర్చిదే కాదన్నమాట. అభ్యంతరంలో బలం లేకపోలేదు. యిర్మీయా పరాయి రాజు మీద తిరగబడమనలేదు. ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. చెరలో ఉన్నవాడికి ఇది మింగుడుపడని సలహా. అయితే ఉత్తరం ఊరకే ఓర్చుకోమనీ చెప్పదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, తగ్గిపోకండి అంటుంది. అన్నీ చేతుల్తో చేసే పనులు, సంవత్సరాలు పట్టే పనులు. 11వ వచనంలోని నిరీక్షణ ఈ పనుల వెనక నిలబడి ఉంది.

శక్కర్‌నగర్‌లో ఈ మొత్తం ఉత్తరం చదివితే ప్రశ్న మారుతుంది. ఎప్పుడు తెరుస్తారన్న ప్రశ్న స్థానంలో, తెరవని ఈ ఏళ్లలో ఏం నాటాలన్న ప్రశ్న వస్తుంది. గానుగ లేని చోట చెరకు నాటలేని రైతుకు అది అక్షరాలా పొలం ప్రశ్న. బకాయి జీతం కోసం పోరాడే కార్మికుడికి 13వ కీర్తన మొదటి రెండు వచనాలు కూడా కావాలి, ఎంతకాలమని అడగడానికి. యిర్మీయా 28, 29 అధ్యాయాలు, 13, 88 కీర్తనలు, అన్నీ కలిపి చదవడానికి గంట కూడా పట్టదు. తరువాతి పాఠానికి వెళ్లేముందు చదవండి. చదివాక మీ ఇంట్లోనో పక్కింట్లోనో గోడ మీద ఉన్న వాక్యాన్ని చూసి, దాని ముందు వచనం ఏమిటో వెతకండి.